వారంటీ అయిపోయాక గేర్‌బాక్స్ పోయిందంటే: అంత బిల్లు ఎందుకొస్తుంది, ఏం అడగాలి

బెంగళూరులో మన తెలుగోళ్ళలో ఇది బాగా చూస్తున్నా, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలవగానే కొత్త చిన్న కారు కొనే బదులు ఇంచుమించు అదే రేటుకి ఆరేడేళ్ళ నాటి పోలో జీటీ టీఎస్ఐ, ఆక్టేవియా 1.8, వీఆర్ఎస్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటున్నారు. తప్పేం లేదు, ఆ కార్లు నడిపితే వచ్చే ఆనందమే వేరు, తెల్లారుజామున బయల్దేరి మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కానీ మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో చూసినా కొన్నాళ్ళకోసారి ఒకటే మెసేజ్: "గేర్‌బాక్స్ పోయిందంటున్నారు, ఎస్టిమేట్ లక్షల్లో ఇచ్చారు, వారంటీ మొన్నే అయిపోయింది, ఏం చేయాలి?" కింద పాతిక రిప్లైలు, సగం మంది అమ్మేయ్ అంటారు, సగం మంది జర్మన్ కారు ఎందుకు కొన్నావ్ అంటారు, అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న ఏంటంటే, గేర్‌బాక్స్‌లో ఏది పోయింది? ఆ ఎస్టిమేట్ కాగితం మీద "గేర్‌బాక్స్ అసెంబ్లీ" (అంటే బాక్స్ మొత్తం) అని ఒకే లైను ఉంటుంది, దాని ఎదురుగా పెద్ద అంకె ఉంటుంది, మనం ఆ అంకె చూసే కంగారుపడతాం. కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఒకదానికొకటి సంబంధం లేకుండా పాడయ్యే భాగాలు మూడు రకాలున్నాయి. ఇంజిన్ పవర్‌ని పట్టుకుని వదిలే క్లచ్‌లు లేదా టార్క్ కన్వర్టర్ ఒకటి, ఎప్పుడు ఏ గేర్ వేయాలో నిర్ణయించి ఆయిల్ ప్రెషర్‌తో పని చేయించే మెకట్రానిక్స్ రెండోది, అసలు పళ్ళ చక్రాలు, షాఫ్ట్‌లు, బేరింగ్‌లు మూడోది. నూటికి తొంభై మంది భయపడేది మూడోది పోయిందనే, మామూలుగా ముందు పోయేది మాత్రం మొదటి రెండే.

ముందు డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ బాక్స్ సంగతి చూద్దాం, మన దగ్గర ఎక్కువ గొడవ దాంతోనే. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ దీన్ని డీఎస్‌జీ అంటుంది. 2003లో వచ్చిన ఆరు గేర్ల డీక్యూ250లో రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునిగి ఉంటాయి, 2008లో వచ్చిన ఏడు గేర్ల డీక్యూ200లో క్లచ్‌లు పొడిగా ఉంటాయి, మాన్యువల్ కారులో ఉండే క్లచ్ ప్లేటు లాగానే. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లు చూసుకుంటుంది, రెండోది 2, 4, 6, రివర్స్. ఒక గేర్‌లో వెళ్తుండగానే పక్క గేర్ రెడీగా వేసి ఉంటుంది కాబట్టి మారేటప్పుడు ఆ గ్యాప్ తెలియదు, అందుకే ఆ కార్లు అంత చురుగ్గా ఉంటాయి, మైలేజీ కూడా బాగుంటుంది. పోలో జీటీ టీఎస్ఐ 2013లో మన దగ్గరికి వచ్చింది ఈ డీక్యూ200తోనే, ఆక్టేవియా 1.8 టీఎస్ఐలో ఉన్నదీ ఇదే, ఇప్పటి వర్టస్, టైగున్ 1.5లో ఉన్నదీ ఇదే, మధ్యలో మార్పులు చాలా చేశారనుకోండి.

ఈ డీక్యూ200 మోయగలిగిన టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లు. దాన్ని కంపెనీ ఎంత సీరియస్‌గా తీసుకుందో చూడాలంటే స్కోడా సూపర్బ్ 1.8 చూడండి, అదే కారు అదే ఇంజిన్, మాన్యువల్‌లో 320 న్యూటన్ మీటర్లు ఇచ్చి ఆటోమేటిక్‌లో 250 దగ్గర ఆపేశారు. ఇంజిన్‌కి చేతకాక ఆపింది కాదది, గేర్‌బాక్స్ కోసం కట్టిన హద్దు. ఇప్పుడు మన కుర్రాళ్ళు చేసేదేంటంటే వారంటీ అయిపోగానే "ఇంక మనల్ని ఆపేదెవరు" అని స్టేజ్ 1 రీమ్యాప్ కొట్టించేస్తారు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచేస్తారు, 250 న్యూటన్ మీటర్ల బాక్స్ మీదకి 300 పైన తోస్తారు. కారు పరిగెడుతుంది, కాదనను. కానీ ఆ పరుగు ఖర్చు ఎక్కడ రాసి ఉందో తెలుసుకుని చేయించుకోండి, ఎందుకంటే ఆ తర్వాత గుడ్‌విల్ కింద కంపెనీ ఎంతో కొంత భరించే అవకాశం కూడా పోతుంది.

అయితే టార్క్ ఒక్కటే కారణమైతే పోలో జీటీకి ఏమీ కాకూడదు, దాని టార్క్ 175 మాత్రమే. మరి వాటిలో కూడా క్లచ్‌లు, మెకట్రానిక్స్ ఎందుకు పోయాయి? ఇక్కడే బెంగళూరు ట్రాఫిక్ సీన్‌లోకి వస్తుంది.

మనం కారు వయసు కిలోమీటర్లలో లెక్కపెడతాం, వారంటీ కూడా ఏళ్ళు, కిలోమీటర్లలోనే ఉంటుంది. గేర్‌బాక్స్‌కి ఆ లెక్క పట్టదు. ట్రాఫిక్ లెక్కలు తీసే టామ్‌టామ్ కంపెనీ 2022 లెక్క ప్రకారం బెంగళూరు సిటీ మధ్యలో 10 కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది, అంటే గంటకి ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఆ వేగంతో 40 వేల కిలోమీటర్లు తిరిగిన కారు దాదాపు రెండు వేల గంటలు నడిచినట్టు. అదే 40 వేలు హైదరాబాద్ హైవే మీద ఎనభైలో తిరిగితే 500 గంటలు. ఓడోమీటర్ ఒకటే, పని నాలుగింతలు, ఆ నాలుగింతల్లో కూడా మొత్తం ఫస్ట్, సెకండ్, ఫస్ట్, సెకండ్. సిల్క్‌బోర్డ్ దగ్గర సాయంత్రం అరగంటలో క్లచ్ ఎన్నిసార్లు పట్టి వదులుతుందో హైవే మీద అనంతపురం దాకా వెళ్ళినా అన్నిసార్లు పట్టదు. పొడి క్లచ్‌కి చల్లబడే దారి గాలి ఒక్కటే, కారు పాకుతూ ఉంటే ఆ గాలి కూడా ఉండదు. బ్రేక్ మీద సగం కాలు పెట్టి ముందు కారు వెనకే ఇంచులు ఇంచులుగా జరుపుతుంటాం చూడండి, క్లచ్‌ని చంపేది అదే. బ్రేక్ పూర్తిగా నొక్కితే క్లచ్ విడిపోతుంది, సగం వదిలితే జారుతూ వేడెక్కుతూ ఉంటుంది. ముందు ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చేదాకా ఆగి అప్పుడు ఒకేసారి కదలండి, వెనకోడు హారన్ కొడతాడు, కొట్టుకోనివ్వండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు యాక్సిలరేటర్ మీద కాలుంచి కారుని నిలబెట్టడం ఇంకా ఘోరం, హ్యాండ్‌బ్రేకో ఆటో హోల్డో వాడండి.

ఇక మెకట్రానిక్స్. పేరు పెద్దదే కానీ లోపల ఉన్నది ఒక చిన్న కంప్యూటర్, కొన్ని సెన్సర్లు, వాల్వులు, ఆయిల్ ప్రెషర్ పుట్టించే పంపు, ఆ ప్రెషర్‌ని పట్టి ఉంచే అక్యుమ్యులేటర్. డీక్యూ200లో దీని ఆయిల్ వేరు, గేర్ల ఆయిల్ వేరు. వేడికి, చల్లదనానికి, ఏళ్ళ తరబడి ప్రెషర్ ఎక్కి దిగడానికి అక్యుమ్యులేటర్ కూర్చునే చోట అల్యూమినియం బాడీ చీలుతుంది, ఆయిల్ కారుతుంది, పంపు ఎంత తిరిగినా ప్రెషర్ నిలవదు. అప్పుడు డ్యాష్‌బోర్డ్ మీద గేర్ అక్షరాలు బ్లింక్ అవుతాయి, పాన గుర్తు వెలుగుతుంది, రివర్స్ పడదు లేదా నడుస్తూ నడుస్తూ కారు న్యూట్రల్‌కి జారిపోతుంది. స్కానర్ పెడితే పీ17బీఎఫ్ లేదా పీ189సీ అనే కోడ్ కనిపిస్తుంది, రెండూ దాదాపు ప్రెషర్ కథే చెప్తాయి. ఈ స్థితిలో మీ పళ్ళ చక్రాలకి, షాఫ్ట్‌లకి ఏమీ కాలేదు, క్లచ్ కూడా బాగానే ఉండొచ్చు.

ఈ బాక్స్‌కి ఇబ్బంది ఉందన్న విషయం కంపెనీకి తెలియనిదేం కాదు. చైనాలో 2012లోనే డీఎస్‌జీ వారంటీని పదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లకి పెంచారు, 2013 మార్చిలో అక్కడ 3,84,181 కార్లు రీకాల్ చేశారు, అదే ఏడాది నవంబర్‌లో ప్రపంచమంతా కలిపి 16 లక్షల కార్లలో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసే పని పెట్టుకున్నారు, వేడి తేమ ఉన్న చోట్ల ఆ సింథటిక్ ఆయిల్ వల్ల లోపల ఎలక్ట్రానిక్స్ షార్ట్ అవుతున్నాయని. ఒక దేశంలో పదేళ్ళ వారంటీ ఇచ్చిన వస్తువుకి ఇంకో దేశంలో యజమాని జేబులోంచి మొత్తం కట్టాల్సి రావడం నాకైతే న్యాయంగా అనిపించదు. అందుకే 2013కి అటూ ఇటూ తయారైన కారు మీ దగ్గరుంటే ఛాసీ నంబర్ ఇచ్చి దాని మీద రీకాల్ లాంటి ఏ క్యాంపెయిన్ పెండింగ్ ఉందో సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి, అది మీ హక్కు.

క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ బాక్స్‌లు, అంటే 2017 ఆక్టేవియా వీఆర్ఎస్‌లో వచ్చిన డీక్యూ250 లాంటివి, ఇంతకన్నా గట్టివి. కానీ వాటికి ప్రాణం ఆయిల్. క్లచ్ అరిగిన పొడి అంతా ఆ ఆయిల్‌లోనే కలుస్తుంది, ప్రతి 60 వేల కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు చాలామంది ఇంజిన్ సర్వీస్ రికార్డు చూస్తారు కానీ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూడరు. బయట మార్పించారంటే బిల్లు అడగండి, ఆ బిల్లులో ఫిల్టర్ కూడా ఉందో లేదో చూడండి.

బీఎండబ్ల్యూలు, జాగ్వార్‌లు, కొన్ని ఆడీలలో ఉండేది జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ, 2009లో బీఎండబ్ల్యూ 760తో మొదలైంది. ఇది టార్క్ కన్వర్టర్ రకం, అంటే ఇంజిన్ పవర్‌ని ఆయిల్ ద్వారా అందించేది, నా లెక్కలో ఇప్పటిదాకా వచ్చిన ఆటోమేటిక్ బాక్స్‌లలో బెస్ట్ ఇదే. దీంట్లో గొడవ ఎక్కడంటే కారు కంపెనీ ఇందులో ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు అంటుంది. బాక్స్ తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్ళకి మార్చమంటుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలంటే నేను తయారుచేసినోడి మాటే వింటాను. వారంటీ ఉన్న రెండు మూడేళ్ళలో ఆ ఆయిల్‌కి ఏమీ కాదు, కారు కంపెనీకి ఇబ్బంది లేదు, ఆ తర్వాత పదేళ్ళు నడపాల్సింది మనం. దీనికి ఆయిల్ ప్యాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే అతికి ఉంటుంది, కాబట్టి ప్యాన్‌తో సహా మార్చాలి, లెవెల్ కూడా ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూడాలి. స్కానర్‌లో టెంపరేచర్ చూడకుండా లెవెల్ పెట్టేవాడి దగ్గర ఈ పని అసలు చేయించొద్దు, తక్కువ ఆయిల్‌తో నడిచిన మంచి బాక్స్ కన్నా పాత ఆయిల్‌తో నడిచిన బాక్సే నయం.

మెర్సిడెస్ వాళ్ళ ఏడు గేర్ల 722.9 బాక్స్ కూడా ఇలాంటి కథే. లోపల కండక్టర్ ప్లేట్ అని ఒక ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది, దాని మీద స్పీడ్ సెన్సర్లు చచ్చిపోతే కారు ఒకే గేర్‌లో ఇరుక్కుపోయి లింప్ మోడ్‌లో, అంటే కుంటుతూ, నడుస్తుంది. చూసేవాడికి గేర్‌బాక్స్ మొత్తం పోయినట్టే ఉంటుంది, పోయింది మాత్రం ఆ పలక ఒక్కటే.

ఇంకా పైకెళ్తే పోర్షే వాళ్ళ డ్యూయల్ క్లచ్ బాక్స్, పీడీకే. 2008లో 911లో వచ్చినప్పటి నుంచి చాలా ఏళ్ళు దీన్ని విప్పడానికి కంపెనీ ఒప్పుకోలేదు, లోపలి పార్ట్స్ అమ్మలేదు. లోపల గేర్ ఎక్కడుందో చెప్పే చిన్న సెన్సర్ పాడైతే మొత్తం బాక్స్ మార్చుకోమనేవాళ్ళు. తర్వాత బయటి వర్క్‌షాప్‌లు ధైర్యం చేసి విప్పి, సెన్సర్ కిట్లు తయారయ్యాకే ఓనర్లకి ఊపిరి ఆడింది. నిస్సాన్ జీటీ-ఆర్ మొదట్లో అమెరికాలో కొన్నవాళ్ళు ఆగిన చోట నుంచి అమాంతం దూకించే లాంచ్ కంట్రోల్ వాడి గేర్‌బాక్స్ పోగొట్టుకుంటే, కారు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదని చెప్పిన ఉదంతాలు 2008 ప్రాంతంలో పెద్ద గొడవయ్యాయి, బాక్స్ ధర 20 వేల డాలర్ల దాకా చెప్పుకునేవాళ్ళు. కారులో బటన్ ఇచ్చింది వాళ్ళే, నొక్కితే వారంటీ లేదన్నదీ వాళ్ళే.

సర్వీస్ సెంటర్ వాళ్ళు పార్ట్ మార్చకుండా అసెంబ్లీ ఎందుకు మార్చమంటారు? బోరు మోటార్ స్టార్టర్ కాలిపోతే కొత్త బోరు వేయించుకోమన్నట్టు ఉంటుంది వినేవాడికి. కానీ వాళ్ళ వైపు కారణాలు కూడా ఉన్నాయి, అందరూ దొంగలే అనను. గేర్‌బాక్స్ విప్పి బాగుచేసే ట్రైనింగ్ అన్ని డీలర్ల దగ్గరా ఉండదు, కంపెనీ లోపలి పార్ట్స్‌ని విడిగా క్యాటలాగ్‌లో పెట్టదు, విప్పి బాగుచేసి ఇచ్చాక మళ్ళీ పాడైతే కస్టమర్ వాళ్ళ మీదే పడతాడు. కొత్త బాక్స్ పెడితే ఆ పార్ట్‌కి వారంటీ కంపెనీది, డీలర్ సేఫ్. ఆ సేఫ్టీ ఖర్చు మొత్తం మన బిల్లులో పడుతోంది, అదీ విషయం. పైగా బాక్స్ దిగుమతి సరుకు, కస్టమ్స్ సుంకం ఒకటి, దాని మీద జీఎస్టీ.

దీని మీద మన దేశంలోనే పెద్ద తీర్పు ఉంది, చాలామందికి తెలియదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544.65 కోట్ల రూపాయల ఫైన్ వేసింది, ఆ లిస్టులో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ అన్నీ ఉన్నాయి. నేరం ఏంటంటే ఒరిజినల్ పార్ట్స్, రిపేర్ మాన్యువల్స్, స్కానర్లు బయటి గ్యారేజీలకి దొరక్కుండా చేయడం. బయట సర్వీస్ చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే కండిషన్ పెట్టొద్దని కూడా ఆ ఆర్డర్‌లో ఉంది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, ఫైన్ల సంగతి కోర్టుల్లో నలిగింది, కానీ బయటి గ్యారేజీకి పార్ట్ అమ్మకపోవడం న్యాయం కాదని ఒక చట్టబద్ధమైన సంస్థ రికార్డు చేసింది, అది చిన్న విషయం కాదు. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలు కూడా ఒక విభాగం.

మా బావ కారు సంగతి చెప్తా, కోడ్ ప్రింట్ ఎంత పనిచేస్తుందో అర్థమవుతుంది. డ్రై క్లచ్ కారే, హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా గేర్ అక్షరాలు బ్లింక్ అయ్యి రివర్స్ పోయింది. టో చేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే మర్నాడు ఎస్టిమేట్, గేర్‌బాక్స్ అసెంబ్లీ. అడ్వైజర్ చిత్తూరు వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడుకున్నాం.

"ఏ పార్ట్ పోయింది తమ్ముడూ?"

"గేర్‌బాక్సే సార్, మొత్తం."

"స్కాన్ చేసుంటారుగా, కోడ్ ప్రింట్ ఒకటి ఇవ్వు."

"అది ఇంటర్నల్ సార్, కస్టమర్‌కి ఇవ్వం."

"స్కానింగ్‌కి డబ్బులు మేం కట్టాంగా, బిల్లులో కూడా ఉంది చూడు."

పాపం ఆ కుర్రాడు కాసేపు తటపటాయించి మేనేజర్‌ని అడిగొచ్చి ఇచ్చాడు. ఒకటే కోడ్ ఉంది, ప్రెషర్‌ది, క్లచ్ మీద గానీ గేర్ల మీద గానీ ఒక్కటి కూడా లేదు. ఆ కాగితం పట్టుకుని కారుని ఫ్లాట్‌బెడ్ మీద విల్సన్ గార్డెన్ వైపు ఈ బాక్స్‌ల పనే చేసే ఒక గ్యారేజీకి మార్చాం, ఆయన మెకట్రానిక్స్ దించి చీలిన చోటు మాకు చూపించాడు, గోరు పెడితే తగిలేంత గీత, చుట్టూ ఆయిల్ చెమ్మ. ఆ హౌసింగ్ ఒక్కటి మార్చి, కొత్త ఆయిల్ పోసి, స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్స్ నేర్పించాడు. అయిన ఖర్చు మొదటి ఎస్టిమేట్‌లో ఐదో వంతు కూడా లేదు. అందరికీ ఇలాగే తేలిపోతుందని చెప్పను, కొందరికి నిజంగానే బేరింగ్ పోయి లోపల లోహపు పొడి తిరిగి ఉంటుంది, అప్పుడు పెద్ద ఖర్చు తప్పదు. కానీ ఏదో ఒకటి తేల్చకుండా డబ్బు కట్టొద్దు.

కాబట్టి ఎస్టిమేట్ రాగానే మూడు కాగితాలు మీ చేతిలో ఉండాలి: ఫాల్ట్ కోడ్‌ల ప్రింట్, ఏ పార్ట్ ఎందుకు మార్చాలో రాసిన వివరం, పాత పార్ట్ మీకు తిరిగి ఇస్తారన్న మాట. ఆ పాత పార్ట్ విషయం మర్చిపోవద్దు, రేపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే సాక్ష్యం అదే.

ఇక వారంటీలో ఉన్నవాళ్ళకి చెప్పాల్సింది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. గేర్‌బాక్స్ ఒక్క రోజులో పోదు, నెలల ముందు నుంచి చెప్తూనే ఉంటుంది. ట్రాఫిక్‌లో కదిలేటప్పుడు వణుకు, సెకండ్ నుంచి ఫస్ట్‌కి దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో తట్టినట్టు దెబ్బ, రివర్స్ వేశాక ఒక క్షణం ఆలస్యం. చాలామంది "ఈ కార్లు ఇంతే" అని వదిలేస్తారు, లేదంటే నోటితో చెప్తారు, వాళ్ళు టెస్ట్ డ్రైవ్ చేసి "నార్మల్ సార్" అంటారు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. జాబ్ కార్డ్ మీద మీ మాటల్లో రాయించండి, "చల్లగా ఉన్నప్పుడు బాగుంది, అరగంట ట్రాఫిక్ తర్వాత ఫస్ట్ నుంచి సెకండ్‌కి వణుకుతోంది" అని. నార్మల్ అంటే అదే రాసి సంతకం పెట్టమనండి. ఫోన్‌లో వీడియో తీసి మెయిల్‌లో పంపండి. వారంటీ అయిపోయిన మూడు నెలలకి బాక్స్ పోతే, వారంటీలో ఉండగా కంప్లైంట్ ఇచ్చినవాడికి, ఇవ్వనివాడికి తేడా భూమ్యాకాశాలంత. గుడ్‌విల్ అడిగినా, కమిషన్‌కి వెళ్ళినా నిలబడేది ఆ జాబ్ కార్డే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ మామూలు వారంటీ అయిపోక ముందే కొనాలి, అదీ చదివి కొనండి. చాలావాటిలో క్లచ్‌ని అరిగే వస్తువు కింద తీసేస్తారు, డ్యూయల్ క్లచ్ కారులో క్లచ్ కవర్ కాకపోతే సగం రక్షణ లేనట్టే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆ వారంటీ మీ పేరుకి మారిందో లేదో కాగితం చూడండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంజిన్ గేర్‌బాక్స్ ప్రొటెక్ట్ అని అమ్మే యాడ్-ఆన్ మామూలుగా నీళ్ళు వెళ్ళడానికి, కింద దెబ్బ తగిలి ఆయిల్ కారిపోవడానికే, అరిగిపోయి పాడైనదానికి పైసా రాదు.

కంపెనీ మాట వినకపోతే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915తో మొదలుపెట్టండి, చాలా కేసులు అక్కడే కదులుతాయి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 50 లక్షల దాకా కట్టిన వస్తువు మీద కేసు వేయొచ్చు, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు, సమస్య పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి. తయారీ లోపం ఉందని అంటున్నప్పుడు వస్తువుని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించమని కమిషన్‌ని అడిగే దారి 2019 చట్టంలో ఉంది, నోటితో లోపం లోపం అంటే కేసు నిలవదు, నిపుణుడి రిపోర్టు కావాలి. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ అనే డ్రై డ్యూయల్ క్లచ్ బాక్స్ గురించి కంప్లైంట్లు చేసిన కస్టమర్లతో నడపడం మీకు రాదన్నట్టు మాట్లాడినందుకు 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఆ కేసుకి మూలం కస్టమర్ల కంప్లైంట్లే.

ఇప్పుడు కొనబోయేవాళ్ళకి. బెంగళూరులో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది, 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్, బెళ్ళందూరు, ఎప్సిలాన్ వైపు మునిగిన కార్లు. అవి కడిగి పాలిష్ పట్టి మార్కెట్లోకి వచ్చాయి. చెన్నై నుంచి వచ్చే కార్లతోనూ ఇదే భయం, అక్కడ 2015లో, 2023లో మునిగాయి. గేర్‌బాక్స్‌కి గాలి ఆడటానికి పైన బ్రీదర్ ఉంటుంది, వేడిగా ఉన్న బాక్స్ నీళ్ళలో పడి చల్లబడితే లోపల గాలి కుంచించుకుపోయి ఆ దారినే నీళ్ళు లోపలికి పీలుస్తుంది. క్లచ్ ప్లేట్ల మీద ఉండే కాగితం లాంటి పూత ఆ నీళ్ళు తాగి అతుకు వదులుతుంది, వెంటనే తెలియదు, నెలల తర్వాత గేర్ జారడం మొదలవుతుంది. సీట్ పట్టాల కింద తుప్పు, సీట్‌బెల్ట్ పూర్తిగా లాగితే చివర్లో బురద మరక, ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ, ఈ మూడూ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

టెస్ట్ డ్రైవ్‌కి కారు చల్లగా ఉండగా వెళ్ళండి, మీరు వచ్చేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి. ముందు చల్లగా, తర్వాత ట్రాఫిక్‌లో అరగంట వేడెక్కాక, రెండుసార్లూ ఎత్తు మీద రివర్స్ తీయండి. బేస్‌మెంట్ పార్కింగ్ ర్యాంప్ దీనికి బాగా పనికొస్తుంది. తర్వాత ఆ బ్రాండ్‌కి సరిపోయే స్కానర్ ఉన్నవాడిని వెంట తీసుకెళ్ళండి, ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌కి వీసీడీఎస్ లేదా ఓబీడీ ఎలెవెన్, బీఎండబ్ల్యూకి ఇస్టా. క్లచ్ ఎంత వేడి దాకా వెళ్ళిందో, అడాప్టేషన్ విలువలు, అంటే అరుగుదలకి తగ్గట్టు బాక్స్ తనంతట తాను చేసుకున్న సర్దుబాట్లు, హద్దుకి ఎంత దగ్గర్లో ఉన్నాయో గేర్‌బాక్స్ కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. అన్ని కోడ్‌లూ నిన్ననే క్లియర్ చేసి ఉంటే అది కూడా ఒక సమాధానమే, ఆ కారు వదిలేయండి. ఆపైన కారు ధరతో పాటు ఒక క్లచ్ సెట్టో మెకట్రానిక్సో రిపేర్‌కి అయ్యే డబ్బు పక్కన పెట్టుకోగలిగితేనే కొనండి. ఆ డబ్బు లేకుండా ఈఎంఐ మీద కొన్నవాళ్ళు ఒక్క బిల్లుకి కారుని అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో దుమ్ముపట్టి వదిలేయడం చూస్తే బాధేస్తుంది.

నిజంగానే బాక్స్ మొత్తం పోయిందని తేలితే, కొత్త అసెంబ్లీ ధర కారు మార్కెట్ ధరలో సగం దాటుతుందంటే, యాక్సిడెంట్ కారు నుంచి తీసిన వాడిన బాక్స్ గురించి ఆలోచించొచ్చు. దానికి ముందు మీ బాక్స్ మీద ఉన్న మూడక్షరాల కోడ్ రాసుకోండి, ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ బాక్స్‌లన్నిటికీ అది ఉంటుంది, బయటికి ఒకేలా కనిపించినా ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి (చక్రాలకి పవర్ పంపే చివరి గేర్లది) తేడా ఉండొచ్చు, కోడ్ సరిపోకపోతే తీసుకోవద్దు. మెకట్రానిక్స్‌ని మీ కారుకి జత చేసి సాఫ్ట్‌వేర్ ఎక్కించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి, అమ్మేవాడు అది నాకు సంబంధం లేదంటాడు, బిగించేవాడు బాక్సే మంచిది కాదంటాడు. ఇద్దరి పనీ ఒకే బిల్లు మీద, ఒకే గ్యారంటీ కింద రాసిచ్చే గ్యారేజీ దొరికేదాకా అడ్వాన్స్ కట్టొద్దు.